కింద పడే అక్షరాలు

మా అమ్మకి జపాన్ వాళ్ళ మీద గురి కుదిరింది 2025 జనవరిలో. అంతకుముందు ఆవిడ లెక్కలో జపాన్ అంటే మా మేనమామ ఎప్పుడో కొన్న టేప్‌రికార్డరు, అంతే. ఆ జనవరి 24న జపాన్ వాళ్ళ బొమ్మల రామాయణం తెలుగు మాటలతో హాళ్ళలోకి వచ్చింది. యుగో సాకో అనే పెద్దమనిషి పూనుకుని 1992లో తయారుచేయించిన సినిమా అది. మన రామ్ మోహన్ గారు కూడా దర్శకుల్లో ఒకరు. అప్పట్లో ఇక్కడ హాళ్ళలో సరిగ్గా ఆడనే లేదు. ముప్పై ఏళ్ళు దాటాక వస్తే, అమ్మ చెప్పులు సీటు కింద విడిచి, చేతులు జోడించి చూసింది. బయటికొచ్చి, "జపాన్ వాళ్ళు పద్ధతైన మనుషుల్రా" అని తీర్పు ఇచ్చేసింది.

ఆ తీర్పే సెప్టెంబరులో నా కొంప ముంచింది.

సెప్టెంబరు 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' అనే బొమ్మల సినిమా విడుదల. ఇంటర్ చదివే మా వాడు నెల ముందు నుంచే దాని జపం. జపాన్‌లో జులైలోనే వచ్చేసిందట, ఇక్కడికి రావడానికి రెండు నెలలు పట్టిందని వాడి బాధ. అమ్మ చెవిలో 'జపాన్' అన్న మాట పడింది.

"ఏం కథరా?"

"రాక్షసుల్ని చంపే కథ నానమ్మా."

"యుద్ధకాండన్న మాట. నేనూ వస్తా."

వాడు కంగారుపడి కథంతా విప్పి చెప్పాడు, అలాగైనా మానేస్తుందేమోనని. బొగ్గులు అమ్ముకునే ఇంటి కుర్రాడు తంజిరో. రాక్షసుడు ఇంటిల్లిపాదినీ చంపేస్తే ఒక్క చెల్లెలు మిగులుతుంది, అదీ రాక్షసిగా మారిపోయి. దాన్ని మళ్ళీ మనిషిని చెయ్యాలని వీడు కత్తి పడతాడు. రాక్షసుడు చావాలంటే ప్రత్యేకమైన కత్తితో తల నరకాలి, లేదా ఒంటి మీద ఎండ పడాలి. ఈ వీరులకి బలమంతా శ్వాసలోంచి వస్తుంది.

"ప్రాణాయామం" అంది అమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

"ఒకడు అడవిపంది తల తగిలించుకుని తిరుగుతాడు నానమ్మా."

"వరాహస్వామి."

ఇక వాడు నోరు మూసుకున్నాడు.

టికెట్లు నేను బుక్ చేశాను. శనివారం రాత్రి పదకొండింటికి, పడుకుని, కళ్ళజోడు లేకుండా. ఇందులో ఎవరినీ అనడానికి లేదు. ఆ సినిమా ఇక్కడ జపనీస్, ఇంగ్లిష్, హిందీ, తమిళం, తెలుగు అని ఐదు భాషల్లో ఆడుతోంది. ఆదివారం పొద్దున ఎనిమిదింటి ఆటకి వరసగా నాలుగు సీట్లు కనపడేసరికి నేను ఆవేశంగా డబ్బులు కట్టేశాను. భాష పేరు ఎక్కడో మూలన చీమతలకాయంత ఉంది. టికెట్ చూపిస్తే మావాడు ఒకసారి ఫోన్ వంక, ఒకసారి నా వంక చూసి "సూపర్ నాన్నా" అన్నాడు. వాడు నన్ను మెచ్చుకోవడం పదో తరగతి తర్వాత అదే మొదలు. అప్పుడే అనుమానం రావాల్సింది.

హాలంతా ఇరవై ఏళ్ళ లోపు పిల్లలే. సగం మంది నలుపూ ఆకుపచ్చా గళ్ళ అంగరఖాలు వేసుకుని ఉన్నారు, తంజిరో వేసుకునేది అదే. కొందరి చేతుల్లో అట్టముక్కతో చేసిన కత్తులు. అమ్మకి అవతలి పక్క సీట్లో అలాంటి గళ్ళ అంగరఖా వేసుకున్న అమ్మాయి కూర్చుంది. అమ్మ దాన్ని ఎగాదిగా చూసి, నా చెవిలో, "చూశావా, ఏసీ చలికి దుప్పటి కప్పుకొచ్చింది. తెలివైన పిల్ల. నీకు తట్టిందా?" అంది.

లైట్లు ఆరాయి. మనుషులు మాట్లాడటం మొదలుపెట్టారు. జపాన్ భాషలో.

"కాసేపట్లో తెలుగు వస్తుందా?" అంది అమ్మ.

ఐదు నిమిషాలు చూశాం. రాలేదు. కింద ఇంగ్లిష్ అక్షరాలు పడుతున్నాయి. నేను మావాడి వైపు తిరిగాను. వాడు తెర వైపు నుంచి చూపు తిప్పకుండా, "డబ్బింగ్‌లో ఫీల్ ఉండదు నాన్నా" అన్నాడు. మా ఆవిడ, "ఏమండీ, మీరే చదివి చెప్పండి, ఆవిడ అంత దూరం నుంచి వచ్చారు" అంది. అమ్మ వచ్చింది మా ఇంట్లో పెరటి వైపు గదిలోంచి. అయినా ఆ మాట కాదనే ధైర్యం నాకు లేదు.

అలా నేను డబ్బింగ్ కళాకారుణ్ణయ్యాను.

ఈ పని ఎంత కష్టమో చేస్తేగానీ తెలియదు. అక్షరం పడాలి, చదవాలి, తెలుగు చెయ్యాలి, గుసగుసగా చెప్పాలి. ఈలోగా ఇంకో రెండు వాక్యాలు వచ్చి వెళ్ళిపోతాయి. "వీడు వాణ్ణి వదిలిపెట్టనంటున్నాడు" అని నేను చెప్పేసరికి వాడు వీణ్ణి చంపేసి ఉంటాడు. పైగా నా నోట్లోంచి వచ్చేది ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు. "నీ అంతం ఆసన్నమైంది", "నా ప్రాణం ఉన్నంతవరకు అది జరగదు". ఇదంతా నాలో ఎక్కడ దాక్కుందో నాకే తెలియదు.

అమ్మ ప్రశ్నలు వేరే. కథ నడిచేది అంతులేని ఒక కోటలో. గదులు తలకిందులుగా, మెట్లు గోడల మీద, తలుపులు నేల మీద. జుట్టు విరబోసుకున్న ఒకావిడ వీణలాంటి వాద్యం ఒళ్ళో పెట్టుకుని మీటినప్పుడల్లా గదులు చోటు మారిపోతుంటాయి.

"వీణ పట్టుకుని అలా జుట్టు విరబోసుకు కూర్చుంటారా ఎవరైనా? అశుభం కాదూ?"

"ఆవిడ రాక్షసేనమ్మా."

"అయితే సరే."

కొట్టబోయే ముందు వీరుడు ఆ దెబ్బ పేరు పైకి చెబుతాడు. నీటి శ్వాస, ఫలానా రూపం అని. "చెప్పి కొడితే అవతలివాడు తప్పుకోడూ?" అంది. పాత పౌరాణికాల్లో అస్త్రం పేరు చెప్పి వదిలేవాళ్ళు కదా అన్నాను. "ఆగ్నేయాస్త్రం" అని తనే అందుకుంది. ఇంకో రాక్షసుడు చేతిలో బంగారు విసనకర్రలతో, పెదాల మీద చిరునవ్వు చెరగకుండా మాట్లాడుతుంటే, నేను చదవబోతే ఆపింది. "వాడు చెప్పేదేదీ నాకొద్దు. అంత నవ్వేవాడు మంచివాడు కాదు." నిజమే, కాదు.

అసలు విలన్‌లాంటివాడు ఆకాజా. గులాబీరంగు జుట్టు, ఒళ్ళంతా చారలు. వాడి కళ్ళలో రాక్షసుల్లో వాడి ర్యాంకు రాసి ఉంటుంది. "వాడి కళ్ళలో కూడా ఏవో అక్షరాలున్నాయిరా, అవి చదవ్వేం?" అని అమ్మ కాస్త గట్టిగానే అడిగింది. వెనక వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. పక్కనున్న గళ్ళ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ముందుకి వంగి, "అంకుల్, ప్లీజ్" అంది. ఆ 'ప్లీజ్'లో ఒక శ్వాస, ఒక రూపం, రెండూ ఉన్నాయి.

సరిగ్గా కత్తి పైకి లేచిన చోట 'విశ్రాంతి' పడింది. పాపం జపాన్ వాళ్ళు తమ సినిమాకి విశ్రాంతి పెట్టుకోరు. ఎక్కడ నరకాలో మన హాలువాళ్ళే చూసుకుంటారు.

విశ్రాంతిలో అమ్మ కొంగుముడి విప్పి చేగోడీలు తీసింది. అవి లోపలికెలా వచ్చాయో నేను అడగలేదు. రెండు ఆ అమ్మాయి చేతిలో పెట్టి, "నీ పేరేంటమ్మా, ఏం చదువుతున్నావు, ఈ భాష నీకొచ్చా?" అంది. వచ్చట. మూడేళ్ళుగా ఇంట్లో చూసి చూసి కొంత, క్లాసులకి వెళ్ళి కొంత. అమ్మ నా వైపు చూసింది. బండి తిరగబడ్డాక రోడ్డు చెప్పేవాడి వంక చూసినట్టు.

రెండో సగానికి నా గొంతు పోయింది. పనీ పోయింది. ఆ అమ్మాయి నాలుగు మాటలకి ఒక మాట చెబుతోంది, అమ్మ తల ఊపుతోంది. ఏసీ హోరు ఎక్కువైతే అంగరఖా తీసి ఆవిడ భుజాల మీద కప్పింది. ఆకాజా పూర్వకథ వచ్చింది. జబ్బుపడిన తండ్రి మందుల కోసం దొంగతనాలు చేసిన పిల్లాడు వాడు. ఒంటి మీద చారలు, దొంగలకి వేసే శిక్ష పచ్చబొట్ల నుంచి వచ్చినవట. హాల్లో అక్కడక్కడా ముక్కులు ఎగబీలుస్తున్నారు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నేను కూడా కళ్ళజోడు తుడుచుకున్నాను, మసక పట్టిందని.

అంతకుముందే వాడి తల తెగింది. తల తెగినా మొండెం లేచి కొట్లాడుతోంది.

"కబంధుడు!" అంది అమ్మ.

"ఎవరు బామ్మగారూ?" అంది ఆ అమ్మాయి.

అంతే. తల లేని కబంధుడు, పొట్టలో నోరు, యోజనం పొడుగు చేతులు, రామలక్ష్మణులు ఆ చేతులు నరకడం, వాడికి శాపవిమోచనం. అరణ్యకాండ సాగుతోంది, తెర మీద సినిమా దాని పాటికది సాగుతోంది. ఈసారి వెనక వరసవాళ్ళు "ష్ష్" అన్నది మా అమ్మనీ, ఆ అమ్మాయినీ. నన్ను కాదు. జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు.

155 నిమిషాలయ్యాక పేర్లు పడటం మొదలైంది. తెలుగువాణ్ణి కదా, అలవాటుగా లేచి నిలబడ్డాను. "అంకుల్, కూర్చోండి!" అని హాలు మొత్తం అరిచింది. చివరి పాట అయ్యేదాకా ఎవ్వరూ కదలరట. కూర్చున్నాం. పాట అయింది, లైట్లు వెలిగాయి.

"మరి ఆ పెద్ద రాక్షసుడు చావలేదే?" అంది అమ్మ.

ఇది మూడు భాగాల్లో మొదటిదని మావాడు నసిగాడు. తంజిరో ఇంటి మీద పడ్డ ఆ ముజాన్ ఇంకా క్షేమంగానే ఉన్నాడన్న మాట. "రావణుణ్ణి చంపకుండానే మంగళం పాడేశారా!" అని అమ్మ అలాగే నిలబడిపోయింది. గళ్ళ అంగరఖా భుజాల మీదే ఉంది. ముందు ఒక కుర్రాడు ఫొటో అడిగాడు. తర్వాత వరస కట్టారు. ఎవరో చేతిలో అట్టకత్తి పెట్టారు. డెబ్భై నాలుగేళ్ళ మా అమ్మ ఆ కత్తిని విసనకర్ర పట్టుకున్నట్టు పట్టుకుని పదిహేను ఫొటోలకి నిలబడింది. మావాడు ఆ వరసలో చివరన నుంచున్నాడు, సొంత నానమ్మతో ఫొటో కోసం.

అంగరఖా మడతపెట్టి ఇచ్చేస్తూ అమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"రెండో భాగం వస్తే చెప్పమ్మా. టికెట్లు నువ్వే కొను. మావాడికి రాత్రిళ్ళు కళ్ళు ఆనవు."