కింది సెట్టుకు మెత్తని అస్తరు అవసరమా?

డెబ్బై దాటిన ఒక వృద్ధురాలికి కింది దవడ ఎముక అరిగి, కట్టుడు పళ్ల సెట్టు ఆనే గట్టు కత్తి అంచులా సన్నబడింది. కట్టుడు పళ్లతో నమిలినప్పుడల్లా నొప్పి. సెట్టు లోపలివైపు సాఫ్ట్ లైనర్, అంటే మెత్తని పొర, వేయించాలని దంతవైద్యురాలు అంటుండగా, సెట్లు తయారుచేసే ల్యాబు టెక్నీషియన్ అడ్డు చెబుతున్నాడు.

వైద్యురాలు: పై సెట్టుకు అంగిలి అంతా ఆసరా. కింది సెట్టు ఆనుకునే చోటు అందులో సుమారు సగమే. నమిలే బరువంతా ఆ ఇరుకు గట్టు మీద పడుతుంటే, సెట్టులోని గట్టి ప్లాస్టిక్‌కూ, అంటే ఆక్రిలిక్‌కూ, ఎముకకూ నడుమ చిగురు నలిగిపోతోంది. మెత్తని పొర తాను అణగి, ఆ బరువును కొంత పీల్చుకుని, మిగిలినదాన్ని పంచుతుంది.

టెక్నీషియన్: కాదనను, డాక్టరు గారూ. కాని సరిపడని చెప్పులో దూది కుక్కినట్టు, పొసగని సెట్టుకు ఈ పొర వేయించేవారినే ఎక్కువగా చూశాను. అరిగిన దవడలో, పెదవికి వెళ్లే నరం బయటపడే రంధ్రం గట్టు మీదికే వస్తుంది. అక్కడ సెట్టు నొక్కితే కరెంటు కొట్టినట్టుంటుంది. ఆ ఒక్కచోట గీకితే సరిపోదా?

వైద్యురాలు: గీకాను. పైపళ్లూ కిందిపళ్లూ రెండు వైపులా ఒకేసారి తాకేలా సరిచేశాను కూడా. నొప్పి ఒకచోట కాదు, గట్టు పొడవునా ఉంది.

టెక్నీషియన్: అయితే రెండు ఇంప్లాంట్ల మీద, అంటే దవడ ఎముకలో బిగించే మరల మీద, నిలిచే సెట్టు ఉందిగా? కింది దవడకు అదే మొదటి ఎంపిక కావాలని 2002లోనే మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో నిపుణులు ఏకాభిప్రాయానికి వచ్చారు.

వైద్యురాలు: శస్త్రచికిత్స వద్దని ఆమే చెప్పింది.

టెక్నీషియన్: సరే, ఏ పదార్థం వేయమంటారు? మెత్తని పొరల్లో ఆక్రిలిక్ రకాన్ని మెత్తగా ఉంచేది అందులో కలిపే ప్లాస్టిసైజర్ అనే రసాయనం. అది లాలాజలంలోకి ఊరిపోయేకొద్దీ పొర గట్టిపడుతుంది. సిలికోన్‌కు ఆ బాధ లేదు, కాని అది ఆక్రిలిక్‌తో తనంతట తాను కలవదు, ముందుగా పూసే ప్రైమర్ అనే అతుకు పూత పట్టు మీదే నిలవాలి. అంచు లేచిందంటే ఆ సందులో ఆహారం, లాలాజలం, కాండిడా ఫంగస్ చేరతాయి. అప్పుడు మీ దగ్గరికి నొప్పితో పాటు దుర్వాసనతోనూ వస్తుంది.

వైద్యురాలు: అందుకే క్లినిక్‌లో అప్పటికప్పుడు పూసేది కాకుండా, మీ ల్యాబులో ఫ్లాస్కులో, అంటే అచ్చు పెట్టెలో, వేడితో గట్టిపరిచే సిలికోన్ అడుగుతున్నాను. శుభ్రత సంగతి నేను చూసుకుంటాను: గరుకు బ్రష్షు, మరిగే నీళ్లు, బ్లీచింగ్ వాడకూడదు, రాత్రి సెట్టు తీసి మంచినీళ్లలో ఉంచాలి.

టెక్నీషియన్: ఇంకొక చిక్కు ఉంది. పొర పనిచేయాలంటే రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉండాలి, అంతమేర గట్టి భాగాన్ని చెక్కాలి. పలచబడిన సెట్టు విరుగుతుంది, విరిగినప్పుడు తప్పు ల్యాబుదే అంటారు!

వైద్యురాలు: మందం కాస్త తగ్గిస్తే?

టెక్నీషియన్: రెండు మిల్లీమీటర్ల కన్నా తగ్గించను, అంతకన్నా పలచనైతే వేసీ వేయనట్టే. నాలుక వైపు కోబాల్ట్-క్రోమియం పట్టీ పెట్టనివ్వండి. ఆరు నెలలకొకసారి అంచులు మీరు పరీక్షించాలి, లేచినప్పుడు అతికించమని పంపకండి, పొరంతా తీసి కొత్తది వేస్తాను.

వైద్యురాలు: ఒప్పుకున్నాను. పట్టీకి ఎంత అవుతుందో సాయంత్రంలోగా చెప్పండి, ఆమె కొడుకుతో మాట్లాడాలి.