సోడియం నిజంగా తగ్గిందా?

మైలోమా (ఒక రకం రక్త క్యాన్సర్) రోగుల రక్తపరీక్షలు ఒక్కోసారి తప్పు చూపుతాయన్న ఒక వ్యాసం చదువుతుంటే మా నాన్నగారి రిపోర్టు కళ్ల ముందు మెదిలింది. సోడియం 126! కనీసం 135 ఉండాలి. ఆయనేమో మంచం మీద కూర్చుని నింపాదిగా పేపరు చదువుకుంటున్నారు. డ్యూటీ డాక్టరు సెలైన్ ఎక్కించబోతే పెద్ద డాక్టరుగారు ఆపి, బ్లడ్ గ్యాస్ యంత్రంలో మళ్లీ చూడమన్నారు. 138 వచ్చింది!

ల్యాబుల్లోని పెద్ద యంత్రాలు చాలావరకు నమూనాను పలచన చేసి, ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) సుమారు 93 శాతం నీరే ఉందనుకుని లెక్క కడతాయి. మైలోమాలో పేరుకున్న అసాధారణ ప్రొటీన్ ఆ నీటి చోటును ఆక్రమిస్తుంది, అంకె పడిపోతుంది. బ్లడ్ గ్యాస్ యంత్రం వాడే, పలచన చేయని పద్ధతిలో ఈ చిక్కు లేదు. ఫాస్ఫరస్, కాల్షియం పరీక్షలు కూడా లేని పెరుగుదలను ఉన్నట్టు చూపవచ్చు (కాల్షియం ఈ జబ్బులో నిజంగానూ పెరుగుతుంది, కొట్టిపారేయకండి). దయచేసి ల్యాబు చీటీ మీద మైలోమా అని తప్పక రాయించండి.