పెద్ద ఫార్మాట్‌లో చూడకపోతే సినిమా చూసినట్టే కాదా?

భారీ సినిమా విడుదల దగ్గరపడిందంటే చాలు, ఒక మాట ఫోను నుంచి ఫోనుకు పాకుతుంది. "ఐమ్యాక్స్‌లోనో, అలాంటి మరో పెద్ద ఫార్మాట్‌లోనో చూడకపోతే ఆ సినిమా చూసినట్టే కాదు, మామూలు హాలు టికెట్ దండగ" అని. వెనకే కారణాలూ వస్తాయి. మామూలు తెర బొమ్మను కోసేస్తుందట. 4కె స్పష్టత, అసలైన ధ్వని పెద్ద హాళ్లలోనే ఉంటాయట. దర్శకుడు ఊహించిన సినిమా అక్కడే దొరుకుతుందట.

ఈ ఫార్మాట్లు గొప్పవి కావని నేను అనడం లేదు. అదనపు డబ్బు పెట్టి మరీ చూడవలసిన సినిమాలు ఉన్నాయి, వాటి సంగతి చివర్లో చెబుతాను. కానీ ఈ మాట ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటే తప్పు. పైగా పెద్ద తెరలు లేని ఊళ్లవాళ్లనూ, ఇంటిల్లిపాదికీ టికెట్లు కొనవలసిన వాళ్లనూ ఇది ఊరికే చిన్నబుచ్చుతోంది. అందుకే ఒక్కో కారణాన్నీ విప్పి చూడాలి.

మొదటిది, "ఐమ్యాక్స్‌లో 26 శాతం ఎక్కువ బొమ్మ కనిపిస్తుంది."

ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. భారీ చిత్రాలు చాలావరకు 2.39:1 నిష్పత్తిలో వస్తాయి, అంటే ఎత్తుకు 2.39 రెట్లు వెడల్పు. డిజిటల్ ఐమ్యాక్స్ తెరలు ఎక్కువగా 1.90:1 నిష్పత్తిలో ఉంటాయి. వెడల్పు సమానంగా ఉంచి లెక్కిస్తే ఎత్తు 26 శాతం పెరుగుతుంది. లెక్క తప్పు కాదు. అయితే ఆ ఎత్తుకు సరిపడా బొమ్మను సినిమా తీసినవాళ్లు ఇచ్చినప్పుడే ఆ అదనం దక్కుతుంది. 2.39లోనే పూర్తయిన సినిమాను అదే తెర మీద వేస్తే పైనా కిందా నల్లటి పట్టీలు మిగులుతాయి. టికెట్ ధర మాత్రం ఆ పట్టీలకూ కలిపే ఉంటుంది. కొన్ని సినిమాల్లో ఎంపిక చేసిన సన్నివేశాలకే తెర నిండుతుంది. పోరాటం మొదలవగానే పట్టీలు తొలగిపోతాయి, అది ముగిసి ఇద్దరు మనుషులు మాట్లాడుకునే దృశ్యం రాగానే తిరిగి వచ్చేస్తాయి.

ఇంతకీ ఆ అదనపు భాగంలో ఏముంటుంది? చాలాసార్లు పైన ఆకాశం, కింద నేల. రెండు రకాల తెరలకూ వెళ్లవలసిన సినిమా కాబట్టి ముఖాలు, చేతులు, కథకు అవసరమైన వస్తువులు మధ్య పట్టీలోనే ఉండేలా ఛాయాగ్రాహకులు ముందే జాగ్రత్తపడతారు. లోయ అంచున మనిషి నిలబడ్డ దృశ్యంలో ఆ ఎత్తు గుండె జారేంత పని చేస్తుంది, కాదనను. అది లేకపోయినా కథలో మీరు పోగొట్టుకునేది మాత్రం ఏమీ ఉండదు.

రెండోది, "తెర పెద్దదైతే బొమ్మ పెద్దది."

ఇదే అన్నిటికంటే ఎక్కువగా నమ్మే మాట, అన్నిటికంటే బలహీనమైన మాట కూడా. కంటికి కొలబద్ద మీటర్లు కావు, కోణం. 20 మీటర్ల వెడల్పున్న తెరను 30 మీటర్ల దూరం నుంచి చూసినా, 10 మీటర్ల తెరను 15 మీటర్ల నుంచి చూసినా అది చూపులో ఆక్రమించే మేర ఒక్కటే. పెద్ద హాలులో వెనక వరుస కొన్నవారికి, మామూలు హాలులో మధ్యకంటే కాస్త ముందు కూర్చున్నవారికంటే చిన్న బొమ్మ కనిపించే అవకాశం బాగా ఉంది. హాలులో చివరి సీటు నుంచి కూడా తెర కనీసం 30 డిగ్రీల కోణంలో కనిపించాలని సినిమా సాంకేతిక నిపుణుల సంఘం ఎస్‌ఎంపీటీఈ సూచించింది. అంటే తెర వెడల్పుకు సుమారు 1.87 రెట్ల దూరం దాటకూడదు. మామూలు హాలులో నాలుగు వరుసలు ముందుకు జరిగితే పైసా ఖర్చు లేకుండా ఈ కోణం పెరుగుతుంది. పెద్ద తెర ముందు మరీ మొదటి వరుసల్లో చిక్కుకుంటే మాత్రం మెడ ఎత్తి, వంకరగా సాగిన ముఖాలను చూస్తూ రెండున్నర గంటలు గడపాలి. ఆ సీటుకు ఎక్కువ డబ్బు వసూలు చేయడమే అన్యాయం.

మూడోది, "4కె స్పష్టత అక్కడే కనిపిస్తుంది."

చక్కని చూపున్న కన్ను విడదీయగల అతి చిన్న వివరం డిగ్రీలో అరవయ్యో వంతు ఉంటుంది. 2కె బొమ్మలో అడ్డంగా 2,048 చుక్కలు, 4కెలో 4,096. తెర 34 డిగ్రీల కోణంలో కనిపించేంత దూరంలో మీరు కూర్చుంటే 2కె చుక్కలే కంటి హద్దుకు చేరిపోతాయి. అంతకంటే వెనక్కి వెళితే 4కె వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. పైగా పెద్ద పెద్ద గ్రాఫిక్స్ సినిమాలు ఎన్నో తుది ప్రతి దశలో 2కెలోనే పూర్తయ్యాయి. 4కె ప్రొజెక్టర్ వాటిని సాగదీసి చూపుతుందే గాని, లేని వివరాన్ని పుట్టించలేదు.

స్పష్టత కంటే కంటికి వెంటనే తెలిసే తేడా నలుపులోనూ వెలుగులోనూ ఉంటుంది. మామూలు డిజిటల్ ప్రదర్శనకు నిర్ణయించిన వెలుగు 48 నిట్లు (తెర వెలుగును కొలిచే ప్రమాణం నిట్). డాల్బీ సంస్థ పెద్ద ఫార్మాట్ అయిన "డాల్బీ సినిమా" హాళ్లలో లేజర్ ప్రొజెక్టర్లతో అది సుమారు 108 నిట్ల వరకు వెళ్తుంది, నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. రాత్రి దృశ్యాలు ఎక్కువగా ఉన్న సినిమాకు ఈ తేడా విలువైనది, తెర కొలతలు చూపి అమ్మేవాళ్లు దీని గురించి తక్కువ మాట్లాడతారు. అదే పెద్ద హాలులో త్రీడీ ఆట కొంటే కథ తిరగబడుతుంది. కళ్లద్దాలూ వడపోతలూ వెలుగులో సగానికి పైగా మింగేస్తాయి.

నాలుగోది, "ఐమ్యాక్స్ అని రాసి ఉంటే చాలు."

చాలదు. 1970లో ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో తొలిసారి జనం చూసిన ఐమ్యాక్స్ 70 మి.మీ. ఫిల్ము అడ్డంగా పరుగెత్తే పద్ధతి. ఒక్కో ఫ్రేముకు ఫిల్ము అంచున 15 రంధ్రాలు, వైశాల్యం మామూలు 35 మి.మీ. ఫ్రేముకు దాదాపు పది రెట్లు, నిష్పత్తి 1.43:1. ఆ ఫిల్మును ఇప్పటికీ వేయగల హాళ్లు ప్రపంచం మొత్తంలో కొన్ని పదులే. 2008లో వచ్చిన డిజిటల్ ఐమ్యాక్స్‌లో రెండు 2కె ప్రొజెక్టర్లు, 1.90:1 తెర ఉండేవి. వాటిని అప్పటికే ఉన్న మల్టీప్లెక్స్ హాళ్లలోనే అమర్చుకుంటూ పోయారు. ఆ తర్వాత 4కె లేజర్ వచ్చింది, అందులోనూ ఒక ప్రొజెక్టర్ రకం, రెండు ప్రొజెక్టర్ల రకం ఉన్నాయి. ఇవన్నీ ఒకే పేరుతో నడుస్తాయి. ఇక థియేటర్ల గొలుసులు తమ సొంత పేర్లతో నడిపే పెద్ద తెరలకు ఉమ్మడి ప్రమాణమంటూ ఏదీ లేదు. ఒకచోట అది లేజర్ హాలు, మరోచోట సీట్లు మార్చిన పాత హాలు. పేరు చూసి నమ్మకండి.

ఐదోది ధ్వని. డాల్బీ అట్మాస్ అనే ధ్వని పద్ధతి 2012లో వచ్చింది, 64 స్పీకర్ల దాకా విడివిడిగా పలికించగలదు. అది ఎన్నో మామూలు హాళ్లలోనూ ఉంది. ఐమ్యాక్స్ లేజర్ హాళ్లది 12 చానెళ్ల సొంత పద్ధతి. రెండూ మంచివే. కానీ శబ్దం ఎంత పెద్దగా వినిపిస్తే అంత మంచిదనుకోవడం పొరపాటు. ధ్వనిని కలిపే స్టూడియోలో శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట 7 అంకె దగ్గర ఉంటుంది. హాలులోనూ 7 దగ్గరే ఉంచి, స్పీకర్లను సరిగా శ్రుతి చేస్తే గుసగుస కూడా చెవిన పడుతుంది. గోల ఎక్కువైందని ఎవరో అన్నారని దాన్ని 5కు దించేస్తే, ఎంత ఖరీదైన హాలైనా మాటలు మింగేస్తుంది.

చివరిది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది: "దర్శకుడు ఊహించిన సినిమా పెద్ద ఫార్మాటే."

ఐమ్యాక్స్ ఫిల్ము కెమెరాతో తీసే కొద్దిమంది దర్శకుల విషయంలో ఇది నిజమే. మిగతావారి విషయంలో కాదు. చాలా సినిమాల రంగులు ఖాయమయ్యేది ఓ మోస్తరు తెర ఉన్న చీకటి గదిలో, 48 నిట్ల వెలుగులో. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, రంగులు సరిచేసే నిపుణుడు రోజుల తరబడి అక్కడ కూర్చుని ఒక్కో దృశ్యంలో చర్మపు ఛాయ, దీపపు పసుపు, నీడ లోతు తేలుస్తారు. మిగతా ఫార్మాట్ల ప్రతులను సాధారణంగా దాన్నుంచే తయారుచేస్తారు. సరిగా నడుస్తున్న మామూలు హాలులో మీరు చూసేది వాళ్లు ఆమోదించిన బొమ్మే. అది రెండో రకం సరుకు కాదు.

"సరిగా నడుస్తున్న" అన్నదే అసలు చిక్కు. గంటలు గడిచేకొద్దీ ప్రొజెక్టర్ దీపం మందగిస్తుంది. దాన్ని సమయానికి మార్చరు. త్రీడీ ఆట కోసం పెట్టిన వడపోతను మామూలు ఆటకు తీయడం మరచిపోతారు. ఫోకస్ జారినా పట్టించుకునేవాళ్లుండరు. ఐమ్యాక్స్ హాళ్లలో బొమ్మనూ ధ్వనినీ రోజూ సరిచూసే ఏర్పాటు ఉంటుంది, దూరం నుంచి పర్యవేక్షణా ఉంటుంది. ప్రేక్షకులు అక్కడ అనుభవించే తేడాలో పెద్ద పాలు ఈ శ్రద్ధదే అని నా నమ్మకం. ప్రతి హాలులోనూ ఉండి తీరవలసిన శ్రద్ధ అది. మామూలు టికెట్ దండగ అని మనమే ప్రచారం చేస్తే మామూలు హాళ్లను బాగుచేయవలసిన అవసరం యజమానులకు ఏముంటుంది? బొమ్మ మసకగా ఉంటే, మాట వినబడకపోతే లేచి వెళ్లి సిబ్బందికి చెప్పండి. ఆ టికెట్‌కూ మీరు డబ్బు కట్టారు.

అయితే అదనపు డబ్బు ఎప్పుడు పెట్టాలి? సినిమాను ఐమ్యాక్స్ ఫిల్ము కెమెరాతో తీసి, దాన్ని 70 మి.మీ. ఫిల్ము మీదే చూపించే హాలు అందుబాటులో ఉంటే తప్పకుండా పెట్టండి, వీలైతే ప్రయాణం చేసైనా చూడండి. సినిమాలో ఎక్కువ భాగం నిండు ఎత్తులో ఉందని తీసినవాళ్లు స్పష్టంగా ప్రకటిస్తే పెట్టండి. చీకటి దృశ్యాలతో నిండిన సినిమాకు మంచి లేజర్ హాలు దొరికితే పెట్టండి. ఈ మూడూ కాకపోయినా, పెద్ద ఫార్మాట్‌లో మధ్యకు కాస్త వెనకగా నడిమి సీటు దొరికితే ఆలోచించవచ్చు. దొరికింది మూల సీటో మొదటి వరుసో అయితే ఆ డబ్బు దాచుకుని, అదే రోజు మామూలు హాలులో నడిమి సీటు తీసుకోండి.