తోరణం తియ్యకండి, స్క్రూ మార్చండి

ఉగాది సంబరాల రాత్రి అమెరికాలోని మన తెలుగు సంఘం సభ్యుల ఇంట్లో దొంగలు పడిన సంగతి ఈపాటికి అందరికీ తెలుసు. హాల్లో పంచాంగ శ్రవణం, పిల్లల డాన్సులు, బూరెల వరస అయ్యేలోపు ఇల్లు ఊడ్చేశారు. తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపు నిండా ఓదార్పులు. అందులో ఒకటి మాత్రం గుచ్చుకుంది: "గుమ్మానికి తోరణం, బయట పది జతల చెప్పులు పెట్టుకుంటే లోపల బంగారం ఉందని బోర్డు పెట్టినట్టే కదా." దానికి బొటనవేళ్లు బాగానే పడ్డాయి.

మనవాళ్ల ఇళ్లను ఏరుకుని మరీ దోచేవాళ్లున్న మాట నిజమే. 2011 నుంచి 2014 దాకా టెక్సాస్, జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్‌లలో ఆసియా కుటుంబాలనే ఎంచుకుని తుపాకులతో దోచిన ముఠా ఒకటి ఉండేది. దాన్ని నడిపిన ఆవిడకు 37 ఏళ్ల జైలుశిక్ష పడింది. అయితే తోరణం తీసినంత మాత్రాన మనం కనపడకుండా పోతామా? ఇల్లు ఎవరి పేరున ఉందో కౌంటీ రికార్డుల్లో ఎవరైనా చూసుకోవచ్చు. మామిడాకుల్ని వదిలేసి తలుపు సంగతి చూద్దాం.

తలుపు ఒక్క తన్నుకు ఊడిందంటే చాలాసార్లు తప్పు తాళానిది కాదు. డెడ్‌బోల్ట్, అంటే తాళం తిప్పితే బయటికి జరిగే గడియ, వెళ్లి కూర్చునే రేకు ఉంటుంది, స్ట్రైక్ ప్లేట్. దాన్ని బిల్డర్లు తరచుగా ముప్పావు అంగుళం స్క్రూలతో బిగించేసి పోతారు. అవి పైనున్న మెత్తటి చెక్క చట్రాన్నే పట్టుకుంటాయి, గోడలోపల నిలబెట్టిన చెక్క దిమ్మ (టూ-బై-ఫోర్ స్టడ్) దాకా పోవు. ఇవాళే ఒకటి విప్పి చూడండి. దాని స్థానంలో 3 అంగుళాల స్క్రూ పడాలి. నాలుగు రంధ్రాల రేకు అయితే ఇంకా మంచిది. గోడవైపు ప్రతి కీలులోనూ ఒక పొడుగు స్క్రూ వేయండి. ముందు సన్నని బిట్‌తో తొలిచి వేయకపోతే చెక్క చీలుతుంది. మరీ బిగిస్తే చట్రం పక్కకి లాగుకుపోయి తలుపు పట్టేస్తుంది, తలుపు వేసి చూసుకుంటూ బిగించండి.

లోపలికొచ్చినవాడు నేరుగా వెళ్లేది మాస్టర్ బెడ్‌రూమ్ క్లాజెట్‌కి. చీరల కింద, సూట్‌కేసులో, పప్పు డబ్బాలో దాచడం వాడికీ తెలిసిన విద్యే. చిన్న సేఫ్ కొని బిగించకుండా వదిలేస్తే నగలన్నీ పెట్టెలో సర్ది చేతికిచ్చినట్టు. దాన్ని వెనక గోడ స్టడ్‌లకు బిగించండి. నేలకు బిగించాలనుకుంటే ముందు గరాజ్ నేల మీద పోస్ట్-టెన్షన్ స్లాబ్ అన్న ముద్ర ఉందేమో చూడండి, టెక్సాస్‌లో ఇది మామూలే. అలాంటి నేలలో డ్రిల్ పెడితే బిగువుగా లాగి ఉన్న ఉక్కు కేబుల్ తెగొచ్చు, మనిషికీ ప్రమాదమే.

ఇక ఇన్సూరెన్సు. అడిగినవాళ్లందరూ "మాకుందండీ" అంటారు. మామూలు ఇంటి బీమా, అంటే హెచ్‌ఓ-3 పాలసీలో దొంగతనానికి నగల పరిమితి 1,500 డాలర్లు. ఒక్కో నగకు కాదు, మొత్తానికి. వెండి కంచాలు, కుందులకు 2,500. ధనత్రయోదశికి కొన్న నాణేలు, బిస్కెట్లు నగల లెక్కలోకి రావు, డబ్బు లెక్కలోకి వస్తాయి. వాటికి 200 డాలర్లే. విచిత్రమేమంటే అదే హారం మంటల్లో పోతే ఆ 1,500 గీత వర్తించదు. కంపెనీని బట్టి అంకెలు మారతాయి, మీ పాలసీలో స్పెషల్ లిమిట్స్ అన్న పేజీ తీసి చదవండి. పెద్ద నగలను విలువ కట్టించి, ఫొటోలతో విడిగా షెడ్యూల్ చేయించాలి, అంటే ఒక్కో నగనూ పేరుపేరునా పాలసీలో చేర్పించాలి. బ్యాంకు లాకరులోవి ఎఫ్‌డీఐసీ (బ్యాంకు డిపాజిట్లకు ప్రభుత్వ బీమా) పరిధిలోకి రావు, అక్కడ పెట్టినవి కూడా షెడ్యూల్‌లో ఉండాల్సిందే.

దొంగ ఎప్పుడో వస్తాడు, నిప్పు మాత్రం రోజూ ఇంట్లోనే ఉంటుంది. చాలా ఇళ్లలో పూజగది అంటే అరలు పీకేసిన క్లాజెట్టే. పైన చీరలు, అట్టపెట్టెలు, కింద దీపం. వేడి పైకే పోతుంది. క్లాజెట్‌లో అలారం ఉండదు, తలుపు మూసి ఉంటే పొగ బయటకొచ్చేసరికే ఆలస్యం. దీపానికి పైనా పక్కలా 3 అడుగుల ఖాళీ ఉంచి, కుందిని ఇసుక పోసిన స్టీలు పళ్లెంలో పెట్టండి. దీపం కొండెక్కాకే గుమ్మం దాటండి.

పోపు ఘాటుకు కూస్తోందని స్మోక్ అలారం పీకి డ్రాయర్లో పడేసే ఇళ్లు ఎన్నో లెక్కపెట్టను, మనందరికీ తెలుసు. పీకే పని లేదు. స్టవ్‌కి కనీసం 10 అడుగుల దూరానికి మార్చండి, ఫోటోఎలక్ట్రిక్ రకం, అంటే కాంతితో పొగను పసిగట్టేది కొనండి. పోపు వెనక బర్నర్ మీద పెట్టండి, హుడ్ లాక్కునేది అక్కడి పొగనే. వెనక రాసిన తయారీ తేదీకి 10 ఏళ్లు నిండితే అలారం పారేయడమే. మూకుడులో నూనె అంటుకుంటే స్టవ్ కట్టేసి మూత పెట్టి చల్లారేదాకా కదపకండి. నీళ్లు పోశారా, మంట సీలింగుకి ఎగుస్తుంది.

పాట్‌లక్ బిర్యానీకి గరాజ్‌లో ప్రొపేన్ పొయ్యి వెలిగించడం మానుకోవాలి. ఆ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలబారున పాకి వాటర్ హీటర్ మంట దాకా పోతుంది.

కారు తాళాలు చెప్పుల స్టాండు పక్కన కొక్కేనికి తగిలిస్తున్నారా? జేబులో ఉంటే చాలు కారు తెరిచే కీలెస్ ఫాబ్ సిగ్నల్‌ని బయటినుంచే పట్టి కారు దాకా చేరవేసే పరికరాలున్నాయి. సిగ్నల్‌ని బయటికి పోనివ్వని ఫారడే సంచిలో వేయండి. వేశాక దాన్ని పట్టుకుని కారు దగ్గర నిలబడి తలుపు లాగండి, తెరుచుకుంటే ఆ సంచి దండగ. గరాజ్ రిమోట్, మీ అడ్రసున్న రిజిస్ట్రేషన్ కాగితం ఒకే కారులో ఉంటే అద్దం పగలగొట్టినవాడికి ఇంటి తాళం కూడా దొరికినట్టే.

కార్యవర్గానికి ఒక విన్నపం. దీపావళి రాఫిల్ (లక్కీ డ్రా)లో ఈసారి బంగారు నాణెం వద్దు. ఆ డబ్బుతో అలారాలు, 3 అంగుళాల స్క్రూల పొట్లాలు కొని రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పంచండి. నాణెమే కావాలని పట్టుబడితే, గెలిచినవాళ్లకు మైకులో ఆ 200 డాలర్ల సంగతి కూడా చెప్పి ఇవ్వండి.