సవరణ: కేఎంఎల్‌లో ముందు రేఖాంశమే

క్లౌడ్‌శాట్ అనే ఉపగ్రహం సేకరించిన మేఘాల డేటాను గూగుల్ ఎర్త్ మీద నిలువు తెరలా నిలబెట్టడం గురించి మొన్న రాసిన పోస్టులో తప్పు దొర్లింది. ఏది ఎక్కడ చూపించాలో గూగుల్ ఎర్త్‌కి చెప్పే కేఎంఎల్ ఫైల్లో, ప్రతి బిందువుకీ ముందు అక్షాంశం ఇవ్వమన్నాను. కాదు. ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం, చివర మీటర్లలో ఎత్తు. నేను చెప్పినట్టు పెడితే హైదరాబాద్ (17.4, 78.5) ఎగిరిపోయి ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ మంచు మీద వాలుతుంది! మామూలుగా అక్షాంశమే ముందు చెప్తాం కదా, ఆ అలవాటే కొంప ముంచింది.

ఇంకోటి, ఆల్టిట్యూడ్ మోడ్‌ను (ఎత్తును ఎలా తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) 'ఆబ్సల్యూట్' అని పెట్టాలని రాయడం మర్చిపోయాను. అది లేకపోతే గూగుల్ ఎర్త్ ఎత్తు అంకెను పట్టించుకోదు, 12 కిలోమీటర్ల పైనున్న మేఘం కూడా నేలకి అతుక్కుపోతుంది.

క్లౌడ్‌శాట్‌లో ఉన్నది రాడార్ (రేడియో తరంగాలతో మేఘాలను కొలిచే పరికరం) అని ఆ పోస్టులో రాసిన మాట మాత్రం సరైనదే. లేజర్ కాంతితో కొలిచే లైడార్ ఉన్నది, 2006లో దానితోపాటే ఎగిరిన కాలిప్సో అనే ఇంకో ఉపగ్రహంలో.