నెట్ రావాలంటే డ్రైవర్ కావాలట, డ్రైవర్ రావాలంటే నెట్ కావాలట!

ల్యాప్‌టాప్ నెమ్మదించిందని విండోస్ ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. అంతా అయ్యాక చూస్తే వైఫై గుర్తే మాయం! వైఫై కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, లేదట. దాన్ని దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఆ డ్రైవరే కావాలి. ఇదేం న్యాయం? సన్నగా కనిపించాలని నెట్ కేబుల్ పెట్టే లాన్ పోర్టు కూడా తీసేశారాయె.

ఫోన్‌లో కంపెనీ సైటు తెరిస్తే ఒకే మోడల్‌కి రకరకాల వైఫై డ్రైవర్లు. మన దాంట్లో ఏ కార్డు ఉందో డబ్బా మీదైనా రాయరు. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు హార్డ్‌వేర్ ఐడీ వెతకాలి. అందులో వెన్ (VEN, అంటే తయారీ కంపెనీ కోడ్) పక్కన 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 14సీ3 ఉంటే మీడియాటెక్. మామూలు మనిషికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? తెలియకే కదా, జనం ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని ఈ ట్రాఫిక్‌లో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ దాకా పోయేది! పెద్దవాళ్లయితే కార్డే పాడైందని టెన్షన్ పడిపోతారు.

చివరికి ఫోన్‌ని కేబుల్‌తో కలిపి ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి పంపే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది, డ్రైవర్ దిగింది. అంతే పని. ఫార్మాట్ చేసేముందే వైఫై డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండని ఇన్‌స్టాల్ తెర మీద ఒక్క ముక్క రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?