కీబోర్డు గారికి ఒక విన్నపం

మ.రా.రా.శ్రీ కీబోర్డు గారి సముఖమునకు,

బెంగళూరులో మా కతోలిక విచారణ (పారిష్) గుడిలో ఆదివారం తెలుగు పూజకు (మాస్‌కు) వచ్చే జనం తరఫున నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమేనని పార్కింగ్ దాకా వినబడుతూనే ఉంది.

ముందుగా మీ ఓర్పును మెచ్చుకోవాలి. ఈ ఊళ్ళో ఒక భాష పూజకు వచ్చినవాళ్ళు ఇంకో భాష పూజకు ఆగరు. మీరొక్కరే పొద్దున్నే తమిళానికి, తర్వాత కన్నడానికి, ఇంగ్లిష్‌కి, చివరికి ఎండెక్కాక మా తెలుగుకి స్టాండు దిగకుండా హాజరవుతారు. చిక్కల్లా, ముందు పూజవాళ్ళు పెట్టిన రిథమ్ మీలోనే ఉండిపోతుంది. పోయిన ఆదివారం మా పశ్చాత్తాప గీతం వాల్ట్జ్ అనే జంట నాట్యం నడకలో మొదలైంది. గుండెలు బాదుకోవాలో, జంట వెతుక్కోవాలో తెలియక జనం దిక్కులు చూశారు. ఫాదర్ గారు మాత్రం కళ్ళు మూసుకున్నారు. అది భక్తి అనే మేం అనుకున్నాం.

మీ మూలంగా విచారణ సంఘంలో ఎంత గొడవ జరుగుతోందో మీకు తెలియదు. మీటింగులప్పుడు మిమ్మల్ని కవరు కప్పి బీరువాలో పెడతారు కదా. గుంటూరు వైపు ఫిరంగిపురం నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దాయన ఒకరున్నారు. "హార్మోనియం, తబలా, చేతి తాళాలు చాలయ్యా, మన సంప్రదాయం అదీ" అంటారు. ఆయన సంప్రదాయమనే ఆ హార్మోనియానికి ప్యారిస్‌లో డెబెన్ అనే ఆయన 1842లో పేటెంటు తీసుకున్నాడు. మన సంగీతానికి అది పనికిరాదని ఆకాశవాణి 1940లో దాన్ని వెలివేసి, 1971 దాకా గుమ్మం ఎక్కనివ్వలేదు. అలాంటి పెట్టె ఇవాళ మన తాతల నాటి ఆస్తి అయిపోయిందంటే మీకూ ఆశ ఉన్నట్టే. ఓపిక పట్టండి. మీ వారసుడెవరో వచ్చినప్పుడు మిమ్మల్ని కూడా సంప్రదాయం అంటారు.

అటువైపు కొయిర్ పిల్లలు. "అంకుల్, ఆ ట్యూన్‌కి ఎవరూ కనెక్ట్ అవ్వరు" అంటారు. తెలుగు పాటను ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాల్లో చదివి పాడతారు కాబట్టి 'కరుణ' ఒక్కోసారి 'కరోనా'కి దగ్గరగా వెళ్ళి వెనక్కి వస్తుంది. ఇందులో వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళ బడిలో తెలుగు లేదు. ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని ప్రాక్టీసుకు వచ్చేది కూడా వాళ్ళే. సంప్రదాయం గురించి మాట్లాడేవాళ్ళు ఆ టైముకి భోజనం చేసి పడుకుని ఉంటారు.

చివరికి సంఘం రాజీ కుదిర్చింది. ప్రవేశ గీతం పాతది, అర్పణ గీతం కొత్తది, దివ్యసత్ప్రసాద (కమ్యూనియన్) గీతం పాతది, ముగింపు గీతం కొత్తది. సన్మాన సభలో ఏ వర్గమూ అలగకుండా శాలువాలు పంచినట్టు పంచేశారు. దీన్ని బ్యాలెన్స్ అని మినిట్స్‌లో రాసుకున్నారు.

నేను ఉత్తరం రాయడానికి కారణం ఈ బ్యాలెన్సే. పూజలో ముందు ఏవి పాడాలో 1967 మార్చి 5న రోమ్ వరుస పెట్టి చెప్పింది. మొట్టమొదటి మెట్టు మీద ఫాదర్ గారికీ జనానికీ మధ్య నడిచే పలకరింపులు, 'పరిశుద్ధుడు' అనే స్తుతి, పరలోక ప్రార్థన ఉన్నాయి. రెండో మెట్టు మీద పశ్చాత్తాప గీతం, మహిమ గీతం లాంటివి. మేం తలలు పగలగొట్టుకుంటున్న ప్రవేశ గీతం, అర్పణ గీతం, దివ్యసత్ప్రసాద గీతం మూడో మెట్టు మీదివి. మరి మా గుడిలో మొదటి మెట్టు సంగతి? రైల్వే అనౌన్స్‌మెంట్ కూడా అంతకంటే రాగయుక్తంగా ఉంటుంది. "ప్రభువు మీతో ఉండును గాక" అని ఫాదర్ గారు పొరపాటున రాగం తీస్తే, ఇదెక్కడి వింత అన్నట్టు జనం తలెత్తి చూస్తారు. అక్కడ మీకు పని లేదు. తాళం లేని పాటంటే మీకు భయం, మీరు లేని పాటంటే మాకు భయం.

మీ మీద చట్టాలకు లోటు లేదు. 1903లో పదో పయస్ పోపు గారు గుడిలో పియానో, డ్రమ్ములు వద్దన్నారు. 1963 డిసెంబరులో ప్రపంచ కతోలిక బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ పైప్ ఆర్గాన్‌కి పెద్దపీట వేసింది. మీలో మూడూ ఉన్నాయి. ఒకే డబ్బాలో నిషేధమూ గౌరవమూ పక్కపక్కన కాపురం చేస్తున్నాయి, వేలు కాస్త జారితే ఒకటి ఇంకొకటవుతుంది. ఎవరి దేశంలో వాళ్ళ సంగీతానికి తగిన చోటివ్వమని కూడా ఆ మహాసభే చెప్పింది. మన దేశంలో పూజలో ఆరతి, నూనె దీపం, నేల మీద కూర్చోవడం వంటి 12 అంశాలకు 1969లో రోమ్ ఒప్పుకుంది. పూజను ఇలా మన పద్ధతిలోకి తెచ్చే పనికి నడుం కట్టిన జాతీయ కేంద్రం ఉన్నది మన బెంగళూరులోనే. వాళ్ళు అన్నేళ్ళు తర్జనభర్జన పడ్డ విషయాన్ని మీరు 'ఇండియన్' అనే ఒక్క మీటతో తేల్చేశారు.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలం (లెంట్) గురించి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో వాద్యాలు పాటకు ఊతంగానే మోగాలి, విడిగా మోగకూడదు. నాలుగో ఆదివారానికి, మహోత్సవాలకు, పండుగలకు మినహాయింపు ఉంది. మీరు ఆ మినహాయింపును తపస్కాలం మొదలయ్యే విభూతి బుధవారం నాడే తెరిచారు. నుదుట బూడిద పెట్టించుకుని వెనక్కి తిరిగితే మీ మధ్య సంగీతం పెళ్ళి ఊరేగింపుకి పిలుస్తోంది.

అయినా మిమ్మల్ని బయటికి పంపమని అడగను. మా పెద్దాయన కోరేది అదే అయినా, మీరు వెళ్తే పిల్లలూ మీ వెనకే ఇంగ్లిష్ పూజకు వెళ్ళిపోతారు. నా విన్నపం చిన్నది. వచ్చే ఆదివారం 'పరిశుద్ధుడు' దగ్గర ఒక్క శృతి ఇచ్చి ఊరుకోండి. గుంటూరువాళ్ళు ఒక వరుస ఎత్తుకుంటారు, ఖమ్మంవాళ్ళు ఇంకో వరుస, కర్నూలువాళ్ళు ఎటు చేరాలో తేల్చుకోరు. మొదటి నెల వినడానికి బాగుండదు. కొయిర్ పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆ మాత్రం నోళ్ళు తెరుచుకున్నా మాకు లాభమే.

ఇట్లు,
మూడో వరుసలో ఫ్యాన్ కింద కూర్చునే విచారణ విశ్వాసి

తా.క.: మీ ట్రాన్స్‌పోజ్ (శృతి పెంచి దించే మీట) ఏదో పెళ్ళి పూజ నుంచి ప్లస్ నాలుగులోనే ఉండిపోయింది. ఆడపిల్లల గొంతుకు సరిపోతోంది కానీ మగవాళ్ళు పల్లవి దాటి రాలేక పాటల పుస్తకం వెనక దాక్కుంటున్నారు. ఎవరితోనైనా చెప్పి సున్నాకి దించుకోగలరు.